నోరా ఇచ్చిన రబ్బరు బూట్లు

అమెరికాలో మా పిస్కాటవే ఇల్లు అమ్మేసి, వేరే రాష్ట్రంలో ఉన్న క్యారీలో మా అమ్మాయికి దగ్గరగా ఉందామని అనుకున్నాక, గరాజ్ సర్దే పని నా నెత్తిన పడింది. ఎవరో పడేశారని కాదు, నేనే వేసుకున్నాను. మా ఆయనకి అప్పగిస్తే ఒక్కో డబ్బా తెరిచి, అందులో దొరికిన పాత కరెంటు బిల్లు కూడా చదువుతూ కూర్చుంటారు. నాకు అంత ఓపిక ఏనాడూ లేదు. సాయానికని మా షారోన్ ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. వచ్చిన గంటకే ఒక మూలనుంచి జత బూట్లు పైకి ఎత్తి పట్టుకుంది.

“అమ్మా, ఇవి ఎవరివి? మొత్తం క్రాక్ అయిపోయినయ్. ట్రాష్‌లో వేసెయ్యనా?”

“ముట్టుకోకు!” అని అరిచాను. నా అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను.

“ఓకే, ఓకే. బూట్స్‌కి అంత కోపం ఎందుకు?” అంటూ వాటిని కింద పెట్టి, నా మొహంకేసి వింతగా చూసింది.

మోకాళ్ళ దాకా వచ్చే ఆకుపచ్చ రబ్బరు బూట్లవి. నా కాలికి ఒక అంగుళం పెద్దవి. రెండు జతల మేజోళ్ళు తొడిగితేగాని నిలిచేవి కావు. అడుగున గాళ్ళలో ఎండి రాయైపోయిన మట్టి ఇంకా ఉంది. ఐర్లండులో ఒక కొండ మట్టి అది. ఇరవై ఏళ్ళు దాటింది, నేను కడగలేదు. ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు గాని, ఎందుకు ఎక్కానో మాత్రం నా కూతురికి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ‘వీసా ప్రాబ్లమ్ వచ్చింది, అందుకని నువ్వు కొన్నాళ్ళు తెనాలిలో ఉన్నావు’ అన్న ఒక్క ముక్కతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. అందులో అబద్ధం లేదు. నిజం కూడా పూర్తిగా లేదు.

అప్పట్లో మేము ఈ ఇంట్లో లేము. ఇదే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. నేను మందుల కంపెనీలో కెమిస్టుని. మా ఆయన ప్రకాష్‌ది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం తెల్లారకముందే విమానమెక్కి ఏదో ఊరు పోయి, మళ్ళీ గురువారానికి ఇల్లు చేరేవారు. షారోన్‌కి రెండున్నరేళ్ళు. దాన్ని చూసుకోవడానికి మా అత్తగారు ఎస్తేరమ్మగారు తెనాలినుంచి ఆరు నెలలకని వచ్చారు. ముప్ఫై ఏళ్ళు మిషన్ స్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. రిటైరైనా ఆవిడ లోపల బడి గంట మోగుతూనే ఉండేది. నాలుగున్నరకి లేచి స్నానం, ఒక కీర్తన, ప్రార్థన. ఆరింటికి కాఫీ. ఆరూపావుకల్లా ఆ గ్లాసు కడిగి బోర్లించి ఉండాలి, ఆరూ ఇరవై అయితే ఆవిడకి ఆ పూట పాడైనట్టే. ఇండియానుంచి తెచ్చుకున్న బడి అట్లాసు ఒకటుండేది. అట్ట ఊడిపోతే దారంతో కుట్టుకున్నారు. డైనింగ్ టేబుల్ మీద అది ఎప్పుడూ తెరిచే ఉండేది. అన్నం ముద్ద కలిపి చేత్తో పట్టుకుని, “ఇది ఏ దేశం?” అని అడిగేవారు. షారోన్ ఆ బొమ్మ మీద వేలు పెట్టి “ఈజిప్టు” అంటే ముద్ద నోట్లోకి వెళ్ళేది. తప్పు చెప్పినా వెళ్ళేదే, కాకపోతే కాస్త ఆగి.

ఇక పోపు వెయ్యాలంటే ఇంట్లో పెద్ద తంతు. ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి వేగగానే హాల్లో స్మోక్ అలారం గోల మొదలుపెట్టేది. కింద అపార్ట్‌మెంట్ ఆయన చీపురుకర్రతో సీలింగ్ పొడిచేవాడు. అందుకని మూకుడు పొయ్యి మీద పెట్టే ముందు అత్తగారు “షారూ, డ్యూటీ!” అని కేకేసేవారు. అది పిజ్జా డబ్బా అట్ట పట్టుకుని సోఫా ఎక్కి, అలారం వైపు రెండు చేతులా విసురుతూ నిలబడేది. ఆఫీసునుంచి వచ్చేసరికి ఇల్లంతా ఇంగువ, కరివేపాకు వాసన. ఆ ఇద్దరూ ఏదో పెద్ద పని చేసిన కూలీల్లా చెమటలు తుడుచుకుంటూ నవ్వుకునేవారు. నన్ను చూసి షారోన్ పరుగెత్తుకొచ్చేది గాని, రెండు నిమిషాలుండి మళ్ళీ నానమ్మ దగ్గరికే పోయేది. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళుగా ఉండేది.

ఆవిడ గడువు ఇంకో నెల ఉందనగా, ఐర్లండులో కార్క్ దగ్గరున్న మా కంపెనీ ఫ్యాక్టరీలో కొత్త మందు తయారీ మొదలైంది. అక్కడివాళ్ళకి చూపించి రావడానికి రెండు వారాలు ఎవరో ఒకరు వెళ్ళాలి. నేను వెళ్తానన్నాను. నా పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు అప్పటికే అయిపోయింది. అమెరికాలో ఉన్నంతకాలం దాంతో పనిలేదు. ఒకసారి గడప దాటితే మాత్రం కొత్త ముద్ర వేయించుకుంటేగాని లోపలికి రానివ్వరు. అందరూ ఇండియా వెళ్ళినప్పుడు ఆ పని చేసుకుంటారు. నేను అందరిలాంటిదాన్నా?

“ఎందుకొచ్చిన గొడవ కరుణా, వేరేవాళ్ళని పంపమను” అన్నారు మా ఆయన.

“డబ్లిన్‌లో స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేశానండీ. పనికి పని, వీసాకి వీసా. మీకు ప్రతిదానికీ భయమే” అన్నాను.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో నలుగురు ఆడవాళ్ళకి ఈ ఉపాయం చెప్పి మెచ్చుకోలు కూడా పొందాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. డబ్లిన్‌లో అమెరికా ఎంబసీ కిటికీ వెనక కూర్చున్నాయన నా కాగితాలు చూసి, చదివింది కెమిస్ట్రీ కాబట్టి ఇంకా తనిఖీలు ఉంటాయన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందంటే చెప్పలేమన్నాడు. పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకుని నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. అవి బాంబుల భయంతో కెమిస్ట్రీ అనే మాట వింటేనే అనుమానంగా చూసే రోజులు. నేను కాఫీకి కూడా ఆగలేనిదాన్ని, ‘చెప్పలేం’ అనే మాట చేతిలో పట్టుకుని బస్సెక్కాను.

రెండు వారాలూ అయిపోయాయి, ఫ్యాక్టరీలో నా పనీ అయిపోయింది. అక్కడ పనిచేసే ఒకతను తన మేనత్త ఇంట్లో గది ఇప్పించాడు. ఆవిడ పేరు నోరా. డెబ్భై ఆరేళ్ళ విధవరాలు, ఊరి చివర కొండ కింద ఒంటరి ఇల్లు. వంటింట్లో ఇనప పొయ్యి రోజంతా మండుతూ ఉండేది. తడిసిన ఉన్ని, కట్టెల పొగ, కాల్చిన రొట్టె కలిసిన వాసన ఆ ఇంట్లో. టీ ఎంత నల్లగా కాచేదంటే చెంచా నిలబెట్టొచ్చు. మూడు పూటలా బంగాళాదుంపలే. నాతో తెచ్చుకున్న కందిపొడి సీసా ఓ రోజు ఆవిడ ముందు పెట్టాను. ఉడికించిన దుంప మీద వెన్న వేసి, దాని మీద కందిపొడి చల్లుకుని తింది. ముక్కు చీదుకుంది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ చల్లుకుంది. ఆ తర్వాత ఆ సీసా నాది కాకుండా పోయింది.

ఆ ఇంట్లో ఫోనుండేది గాని అది సరిగ్గా పొయ్యి పక్కన, నోరా కుర్చీకి చేతికందేంత దూరంలో ఉండేది. పరాయి మనిషి ఎదురుగా కూర్చుని మొగుడితో ఎలా పోట్లాడతాం? ఆఫీసువాళ్ళిచ్చిన సెల్‌ఫోన్‌కి ఆ లోయలో సిగ్నల్ లేదు. కొండ మీదికెళ్తే వస్తుందని నోరా చెప్పి, నా ఆఫీసు చెప్పులు చూసి నవ్వి, గుమ్మం వెనకనుంచి తన రబ్బరు బూట్లు తెచ్చి ఇచ్చింది.

అలా మొదలైంది నా కొండ ఎక్కుడు. ఇనప గేటు తీసి, మళ్ళీ వేసి (వెయ్యకపోతే గొర్రెలు పోతాయి), బురద దారిన పడితే మొదట వచ్చేది మనుషులు వరసలుగా నాటిన అడవి. సూదుల్లాంటి ఆకుల చెట్లు, ఒకదానికొకటి ఆనుకుని, మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా. ఒక్క పిట్ట కూత వినపడదు. అది దాటితే పాత అడవి. నాచు పట్టిన రాళ్ళు, వంకర్లు తిరిగిన ముసలి చెట్లు, రాళ్ళ మధ్య కనపడకుండా పారే నీళ్ళ చప్పుడు. తడిసిన గోనెసంచి వాసన. పైన ఒక రాతి గోడ, దాన్ని దాటడానికి రెండు వైపులా చెక్క మెట్లు. ఆ గోడ దాటితే చెట్లుండవు, పసుపు పూల ముళ్ళపొదలు, గాలి, దూరంగా బూడిదరంగు సముద్రం. చూసేవాళ్ళకి ఎంతో బావుంటుంది. నేను ఏనాడు చూశాను గనక? తల వంచుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని, గీతలు ఎన్నొచ్చాయా అని చూసుకుంటూ ఎక్కేదాన్ని. మాట్లాడి దిగేదాన్ని. దిగాక ఇంకేదో అడగడం మర్చిపోయానని మళ్ళీ ఎక్కేదాన్ని. కాలుగాలిన పిల్లి అంటారే, అదే నేను. కొన్ని రోజులు మూడుసార్లు కూడా ఎక్కాను.

“అమెరికా ఎక్కడికీ పోదు, కాస్త కూర్చో” అనేది నోరా.

“అమెరికా కాదు, నా కూతురు పోయేట్టుంది” అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

అప్పుడే చెప్పాను ఆవిడకి సంగతి. మా అత్తగారి ఆరు నెలలూ నిండుతున్నాయి. మా ఆయన వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండరు. నేను ఎప్పుడొస్తానో తెలియదు. కాబట్టి షారోన్‌ని అత్తగారితో తెనాలి పంపించేద్దామని ఇంట్లో మాట. మావాళ్ళల్లో అది వింతేమీ కాదు. ఎంతోమంది పసిపిల్లల్ని అలాగే అమ్మమ్మల, నానమ్మల దగ్గరికి పంపి, ఉద్యోగాలు కుదురుకున్నాక తెచ్చుకునేవారు. చర్చిలో ఆంటీలందరూ “అందరూ పంపిస్తున్నారు కదమ్మా” అనే అన్నారట. నేను మాత్రం నా ప్రాణం పోయినా పంపనని ఆ కొండెక్కి రోజూ అరుస్తున్నాను.

నోరా లేచి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. తర్వాత తన అన్నదమ్ముల సంగతి చెప్పింది. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు అమెరికా పోయారట. రైలు స్టేషన్‌కి ఆ కొండ మీదుగానే అడ్డదారి. ప్రతిసారీ వాళ్ళమ్మ ఆ రాతి గోడ దాకా వెంట వెళ్ళి, అక్కడ ఆగిపోయేదట. గోడ దాటేది కాదు, చెయ్యి ఊపేది కాదు, ఊపనిచ్చేది కాదు. చెయ్యి ఊపితే వెళ్ళేవాడు వెనక్కి చూస్తాడు, వెనక్కి చూసినవాడికి కాలు సాగదు అనేదట. చిన్నపిల్ల నోరా పక్కన చేతులు కట్టుకుని నిలబడేదట. ఆ నలుగురిలో తిరిగి వచ్చి కనపడింది ఒక్కడే.

గురువారం రాత్రి విమానానికి మా అత్తగారి టికెట్. దానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, వానలో కొండెక్కాను. గోడకి ఆనుకుని, కోటు కింద ఫోన్ దాచుకుని మాట్లాడుతున్నాను. బ్యాటరీ ఒక్క గీత ఉంది.

“ఇవాళ తేల్చాలి కరుణా. పాపకి టికెట్ కొనాలా వద్దా?” అన్నారు మా ఆయన. ఆయన గొంతులో విసుగు లేదు, అలసట ఉంది.

నేను ఏదో అనేలోపే అత్తగారు ఫోన్ అందుకున్నారు. “అమ్మాయ్, నా గడువు పైవారం దాకా ఉంది. టికెట్ మార్పించుకుని వారం ఆగనా?”

ఈ ఒక్క ప్రశ్న నేను ఇన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు మళ్ళీ విన్నానో! గంట కొట్టాక ఒక్క నిమిషం క్లాసులో ఉండని మనిషి, చివరి రోజు దాకా ఉంటానంటోంది. ఆరోజు నాకు అది ఎత్తిపొడుపులా వినపడింది. వారంలో నువ్వేం ఊడిపడతావులే అన్నట్టు. నా బుద్ధి గడ్డి తింది.

“వద్దండీ. రేపు రేపని ఎన్నాళ్ళు? తీసుకెళ్ళిపోండి. నాకు ఈ నాన్చుడు చాలు” అన్నాను.

“బాగా ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకున్నాను. తీసుకెళ్ళండి!”

ఫోన్ చచ్చిపోయింది. నేను ఆలోచించుకోలేదు. ఏదీ తేలకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చిన బాధ. దెబ్బయినా సరే, ముందు పడిపోతే బావుండుననిపిస్తుంది. ఆ రోజు తేల్చేశాను. కొండ దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా కూడా ఉన్నాయి. ఆ తేలిక తలుచుకుంటేనే ఇప్పుడు సిగ్గేస్తుంది.

గురువారం రాత్రి నెవార్క్ ఎయిర్‌పోర్టులో తొమ్మిదిన్నరకి విమానం. యూరప్ పోయే విమానాలు చాలావరకు ఐర్లండు మీదుగానే పోతాయని ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. లెక్క వేసుకున్నాను. శుక్రవారం ఉదయం ఎనిమిది ప్రాంతంలో నా కూతురు నా నెత్తిమీదుగా వెళ్ళాలి. నేను వాళ్ళకి ఈ మాట చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆరున్నరకే బూట్లు తొడుక్కుంటుంటే నోరా కర్ర అందుకుని, “నేనూ వస్తాను” అంది. మోకాళ్ళ నొప్పులతో ఆ కొండ ఎక్కడం మానేసి పదేళ్ళయిందట. ప్రతి పది అడుగులకీ ఆగింది. నేను ముందుకి పోవడం, వెనక్కి రావడం, మళ్ళీ పోవడం. ఆ దారిన ఒక మనిషితో కలిసి నెమ్మదిగా నడవడం నాకు అదే మొదటిసారి. చెట్ల సందుల్లో తెల్లారడం కూడా ఆరోజే చూశాను.

గోడ దగ్గర నోరా ఆగిపోయింది. నేను మెట్లెక్కి గోడ దాటబోయి, ఎందుకో దాటలేక ఆవిడ పక్కనే నిలబడ్డాను. ఆకాశం నిండా మబ్బు. ఎనిమిదికి కాస్త ముందు సముద్రం వైపు మబ్బు చీలింది. ఆ నీలం ముక్కలో తెల్లటి గీతలు మూడు, పడమటినుంచి తూర్పుకి. చప్పుడు లేదు. మూడింట్లో ఏది షారోన్‌దో తెలియదు. అసలు ఏదీ కాదేమో కూడా. మూడింటినీ చూశాను. ఒకదాని వెంట కళ్ళు పోతే మిగతా రెండూ జారిపోతాయేమోనని భయం. చెయ్యి లేవబోయింది. నోరా చేతులు కట్టుకుని ఉంది. నేను నా చేతులు కోటు జేబుల్లో కుక్కుకున్నాను. మబ్బు మళ్ళీ మూసుకుంది. కిందికొచ్చాక నోరా నాకోసం దుంపలు ఉడకేసి, మిగిలిన కందిపొడి అంతా నా పళ్ళెంలోనే చల్లింది. ఆరోజు బాగా ఏడ్చాను.

ముద్ర వేసిన పాస్‌పోర్ట్ మంగళవారం పోస్టులో వచ్చింది. మంగళవారం! అత్తగారు అడిగిన వారంలోనే. బయల్దేరేటప్పుడు నోరా ఆ బూట్లు నా సూట్‌కేస్‌లో తనే పెట్టింది. పిస్కాటవేలో తలుపు తీస్తే ఇల్లు కడిగి బోర్లించినట్టుంది. పిజ్జా అట్ట సోఫా వెనక ఉంది. సరే, మర్నాడే తెనాలి వెళ్ళి పిల్లని తెచ్చుకున్నానా? లేదు. ఆఫీసులో అప్పటికే నా మీద కోపంగా ఉన్నారు, సెలవు లేదు, ఈయన ప్రాజెక్టు పొడిగించారు. ఇదిగో అదిగో అంటూ పదకొండు నెలలు. తీరా వెళ్తే షారోన్ అత్తగారి చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని, నన్ను చూపించి “ఆంటీ ఎవరు?” అంది. అత్తగారు దాన్ని ముందుకి తోసి, “మీ అమ్మే, వెళ్ళు” అన్నారు. నా బిడ్డని లాక్కున్నారన్న కోపం ఆవిడ మీద చాలా ఏళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ పోయి మూడేళ్ళయింది. చివరిదాకా ఆ కోపం పూర్తిగా చల్లారనివ్వలేదు, నా మీద పడాల్సింది ఎక్కడో చోట పడాలి కదా.

ఇప్పుడు ఎవరి విమానం ఎక్కడుందో ఫోన్‌లో చుక్కలా కనపడుతుంది. షారోన్ ఎక్కడికైనా ఫ్లయిట్ ఎక్కితే ఆ చుక్క దిగేదాకా నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. పిల్లల మొహాలు ఏ దేశంలో ఉన్నా తెరమీద కనపడతాయి. కొండలెక్కక్కర్లేదు. అయినా నా కాలు ఒకచోట నిలిచిందేమీ లేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ రోజు సిగ్నల్ లేకపోయినా బావుండేదేమో, ఆ మాట అనే వీలుండేది కాదు కదా అని.

గరాజ్ నేల మీద కూర్చుని ఇదంతా షారోన్‌కి చెప్పాను. నానమ్మ ఆగుతానంటే వద్దన్నది నేనేనని కూడా. బూటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని వింది. కోప్పడుతుందనుకున్నాను.

“నానమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదు నాకు. మమ్మీకి వీసా రాలా, పాపం అక్కడ స్టక్ అయిపోయింది అనే చెప్పింది” అంది. ఒళ్ళో బూటు అటూ ఇటూ తిప్పి, “కానీ ప్లేన్ సంగతి చెప్పేది” అంది.

“ఏ ప్లేన్?”

“అదే, మేం వెళ్ళిన ప్లేన్. ముందు సీట్‌లో మ్యాప్ వస్తది కదా, ప్లేన్ బొమ్మతో. నానమ్మ దాన్నే చూస్తా కూర్చుందంట, అసలు నిద్రపోలేదంట. ఐర్లండ్ రాగానే నన్ను లేపింది. విండో షేడ్ ఓపెన్ చేసి, ‘ఇది ఏ దేశం?’ అని అడిగింది. నేను ఈజిప్ట్ అన్నానంట.” షారోన్ నవ్వింది. “‘కాదు, ఐర్లండు. కింద అమ్మ ఉంది, చెయ్యి ఊపు’ అంది. నేను ఊపానంట. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపానంట, సముద్రం వచ్చినా ఆపలేదంట. నానమ్మ కూడా ఊపింది.”

నేను రెండో బూటు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. కింద గోడ దగ్గర, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డది నేనొక్కదాన్నే.